మంటలు ఆరిన తరువాత ఆ ఇంటికి తోడెవరు? – అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు ఆర్థిక సహాయం

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 14 నుండి 20 వరకు మన దేశమంతటా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో ఎర్రని ఫైరింజన్ బడులకు వస్తుంది, ఆసుపత్రులకు వస్తుంది. గ్యాస్ సిలిండర్‌కు అంటుకున్న మంటను తడి గోనెసంచితో ఎలా ఆర్పాలో సిబ్బంది చేసి చూపిస్తారు. పిల్లలు చప్పట్లు కొడతారు. కానీ ఆ తేదీనే ఎందుకు ఎంచుకున్నారో చాలామందికి తెలియదు.

1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ‘ఫోర్ట్ స్టికీన్’ అనే ఓడలో నిప్పు పుట్టింది. ఆ ఓడలో ప్రత్తి బేళ్లతో పాటు సుమారు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. అగ్నిమాపక సిబ్బంది పారిపోలేదు. వాళ్లు నీళ్లు కొడుతుండగానే సాయంత్రం 4 గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఓడ పేలిపోయింది. దాదాపు అరగంట తరువాత మళ్లీ పేలింది. ఆ రోజు 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. వారి జ్ఞాపకార్థమే మనం ఆ తేదీని పాటిస్తున్నాం.

66 మంది అంటే 66 ఇళ్లు. మనం రెండు నిమిషాలు మౌనం పాటించి ఇళ్లకు వెళ్లిపోతాం. ఇటువంటి ప్రమాదం జరిగిన ఇంట్లో మాత్రం మరుసటి ఉదయం పొయ్యి వెలిగించాలి, ఒకటో తేదీన అద్దె కట్టాలి, జూన్‌లో బడి ఫీజు కట్టాలి. గాయపడి బ్రతికినవారి ఇంట్లో ఈ ఖర్చులతో పాటు మందులు, ప్రయాణాలు, మళ్లీ మళ్లీ ఆపరేషన్లు కూడా ఉంటాయి. ఇటువంటి కుటుంబాలకు ఏ సహాయం కావాలి, ఇతర దేశాల్లో దాతృత్వ నిధులు ఏ విధంగా పనిచేశాయి, ఎక్కడ కొందరిని మరచిపోవడం జరిగింది, మన ఆసుపత్రి, మన సంఘం ఏమి చేయగలవు అనే విషయాలను ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

గాయం ఒక్క రోజుది, కోలుకోవడం ఏళ్లది

అగ్నిమాపక సిబ్బందికి కలిగే హాని ఒక్క రకంగా ఉండదు. మొదటిది కాలిన గాయం. శరీరంలో నూటికి ఎంత భాగం కాలిందో సుమారు అన్ని రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వస్తుందని కాలిన గాయాల వైద్యులు ఒక మోటు లెక్క చెబుతారు. అంటే 30 శాతం కాలినవారు దాదాపు ఒక నెల మంచం మీద ఉండాలి. లోతుగా కాలిన చోట తొడ నుండో, మరో చోటు నుండో చర్మం తీసి అతికించాలి. ఆ గాయాలు మానడానికి శరీరానికి మామూలు కంటే ఎక్కువ మాంసకృత్తులు కావాలి. కాబట్టి గుడ్లు, పాలు, పప్పు, మాంసం తప్పనిసరి అవుతాయి.

ఆసుపత్రి నుండి ఇంటికి పంపిన రోజుతో పని పూర్తికాదు. కాలిన మచ్చ నెమ్మదిగా గట్టిపడి ముడుచుకుంటుంది. మెడ వంగిపోవచ్చు, మోచేయి చాపలేకపోవచ్చు, వేళ్లు అతుక్కుపోవచ్చు. వీటిని నివారించడానికి ప్రతిరోజూ ఫిజియోథెరపీ చేయాలి. శరీరానికి కొలతపెట్టి కుట్టించిన బిగుతు దుస్తులను రోజుకు 23 గంటల చొప్పున నెలల తరబడి, కొందరు ఏడాదికి పైగా ధరించాలి. మచ్చ మెత్తబడి స్థిరపడేసరికి ఏడాది నుండి రెండేళ్లు పడుతుంది. ఆ మధ్యలో మరొక ఆపరేషను అవసరం కావచ్చు.

రెండవది పొగ. వేడి గాలి, విషవాయువులు ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. బయటికి ఒక్క బొబ్బ కూడా కనబడకపోయినా లోపల ప్రాణాపాయం ఉండవచ్చు. మూడవది గుండె. బరువైన దుస్తులు, విపరీతమైన వేడి, ఒక్కసారిగా పడే శ్రమ గుండెపోటుకు దారితీస్తాయి. అమెరికాలో విధి నిర్వహణలో మరణించే ఫైర్‌మన్లలో ఎక్కువమంది మంటల్లో చిక్కుకుని కాక, గుండె ఆగిపోవడం వల్లనే మరణిస్తున్నారు. నాలుగవది కాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తినే కాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. అయిదవది మనసుకు తగిలే గాయం. కాపాడలేకపోయిన పసిబిడ్డ ముఖం కళ్ల ముందు నుండి పోదు. నిద్ర పట్టదు, చిన్న విషయానికి కోపం వస్తుంది, కొందరు మద్యానికి అలవాటు పడతారు. ఇది బలహీనత కాదు, వైద్యం చేయదగిన జబ్బు.

2015 మే 9న ముంబయిలోని కల్బాదేవి ప్రాంతంలో ఒక పాత భవనానికి నిప్పంటుకున్నప్పుడు అగ్నిమాపక శాఖకు చెందిన నలుగురు అధికారులను ఆ నగరం పోగొట్టుకున్నది. వారిలో ఇద్దరు ఆ భవనంలోనే మరణించారు. మిగిలిన ఇద్దరు కాలిన గాయాలతో ఆసుపత్రిలో రోజుల తరబడి పోరాడి కన్నుమూశారు. ఆ రోజుల్లో వార్డు బయట బెంచీ మీద కూర్చునే కుటుంబం ఎటువంటి స్థితిలో ఉంటుందో మన నర్సులకు చెప్పనక్కరలేదు.

ప్రభుత్వం ఇస్తుంది కదా?

ఈ ప్రశ్న సహజమే. ప్రభుత్వ అగ్నిమాపక శాఖలో పనిచేసే ఉద్యోగి విధి నిర్వహణలో మరణిస్తే కుటుంబానికి పెన్షన్, గ్రాట్యుటీ, బీమా సొమ్ము, ఎక్స్‌గ్రేషియా, అర్హులైన వారికి కారుణ్య నియామకం వంటివి ఉంటాయి. కొన్ని ప్రభుత్వాలు పెద్ద మొత్తాలు ప్రకటించాయి. 2020 జనవరిలో ఢిల్లీలోని పీరాగఢీలో ఒక ఫ్యాక్టరీ మంటల్లో ఒక ఫైర్‌మన్ మరణించినప్పుడు ఢిల్లీ ప్రభుత్వం ఆ కుటుంబానికి కోటి రూపాయలు ప్రకటించింది. ఇది మెచ్చుకోదగినదే. అయితే ఇటువంటి మొత్తాలు రాష్ట్రానికి రాష్ట్రానికి మారిపోతాయి.

ప్రభుత్వ సహాయం ఎంత ఉన్నా మూడు చోట్ల కుటుంబం ఒంటరిగా మిగులుతుంది. ఒకటి, కాలం. ఫైలు ఒక బల్ల నుండి మరో బల్లకు కదలడానికి నెలలు పట్టవచ్చు, ఆకలి అంతవరకు ఆగదు. రెండవది, నియమం. కాంట్రాక్టు మీద పనిచేసేవారు, ఔట్‌సోర్సింగ్ సిబ్బంది, హోంగార్డులు, ప్రైవేటు ఫ్యాక్టరీల్లోని ఫైర్ సిబ్బంది అదే మంటలోకి వెళతారు గాని, వారికి వర్తించే నియమాలు వేరు. మూడవది, అవసరం. ఆపరేషను ఖర్చు భరించే పథకం ఉండవచ్చు. కానీ భర్త మంచం పక్కన రెండు నెలలు కూర్చున్న భార్య పోగొట్టుకున్న కూలి, బస్సు చార్జీలు, ఆసుపత్రి దగ్గర తీసుకున్న గది అద్దె, ఊళ్లో పక్కింటివారి దగ్గర వదిలిన పిల్లల భోజనం ఏ పథకం లెక్కలోకీ రావు.

దాతృత్వం నిలబడవలసింది సరిగ్గా ఈ మూడు చోట్లనే. ప్రభుత్వం బాధ్యతను తప్పించుకోవడానికి దానం ఒక సాకు కాకూడదు. హక్కుగా రావలసినది హక్కుగానే రావాలి. అది వచ్చేలోపల, అది చేరని చోట, మనుష్యుల ప్రేమ చేరాలి.

యుద్ధకాలంలో పుట్టిన ఒక నిధి

ఇటువంటి నిధి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి బ్రిటన్ మంచి ఉదాహరణ. 1940 సెప్టెంబరు 7 నుండి లండన్ మీద వరుసగా 57 రాత్రులు బాంబులు పడ్డాయి. నగరం తగలబడుతుంటే ఆర్పడానికి వెళ్లినవారిలో చాలామంది యుద్ధానికి ముందు గుమాస్తాలు, టాక్సీ డ్రైవర్లు, దుకాణదారులు. స్త్రీలు కూడా టెలిఫోన్ల దగ్గర, వాహనాలు నడపడంలో పనిచేశారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేసరికి బ్రిటన్‌లో సుమారు వెయ్యిమంది అగ్నిమాపక స్త్రీ పురుషులు ప్రాణాలు కోల్పోయారు.

వారి విధవరాండ్రను, పిల్లలను ఆదుకోవడానికి 1943లో ఒక సహాయ నిధి ఏర్పడింది. ఇప్పుడు దానిని ‘ఫైర్ ఫైటర్స్ చారిటీ’ అని పిలుస్తున్నారు. యుద్ధం ముగిసిన తరువాత ఆ నిధిని మూసివేయలేదు. ఎందుకంటే యుద్ధం ముగిసింది గాని, మంటలు ముగియలేదు.

ఆ నిధి చరిత్రలో మనం గమనించవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. మొదట అది మరణించినవారి కుటుంబాల కోసం పుట్టినా, క్రమేణా గాయపడినవారి వైపు కూడా చూసింది. సముద్ర తీరాన లిటిల్‌హాంప్టన్‌లోను, ఉత్తరాన పెన్రిత్‌లోను, నైరుతి దిక్కున డెవాన్‌లోను విశ్రాంతి, పునరావాస కేంద్రాలు నడిపింది. వెన్ను దెబ్బతిన్నవారు, మోకాలు విరిగినవారు, కాలిన గాయాలు మానుతున్నవారు అక్కడ కొన్ని రోజులు ఉండి ఫిజియోథెరపీ చేయించుకుని మళ్లీ పనికి వెళ్లగలిగారు. తరువాతి కాలంలో మానసిక ఆరోగ్యానికి సంబంధించిన సేవలు కూడా చేర్చారు. పదవీ విరమణ చేసినవారికీ, వారి మీద ఆధారపడినవారికీ కూడా తలుపులు తెరిచారు.

ఆ డబ్బు ఎక్కడ నుండి వచ్చింది? ఒక్క ధనవంతుడి నుండి కాదు. సిబ్బందే తమ జీతంలో నుండి నెల నెలా కొంత ఇచ్చారు. ఫైర్ స్టేషన్ల ముందు ప్రజల కార్లు కడిగి ఆ డబ్బు నిధికి జమచేశారు. స్టేషన్ల ఆవరణలో పెట్టెలు ఉంచి పాత బట్టలు సేకరించి, వాటిని అమ్మగా వచ్చినది కలిపారు. చిన్న చిన్న కానుకలు, కానీ ఆగకుండా వచ్చిన కానుకలు. ఆ నిధి 80 ఏళ్లకు పైగా నిలవడానికి కారణం అదే.

యార్నెల్ కొండ నేర్పిన పాఠం

2013 జూన్ 28న అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో యార్నెల్ అనే ఊరి దగ్గర పిడుగుపాటుకు అడవి అంటుకుంది. రెండు రోజుల తరువాత, జూన్ 30న గాలి దిశ మారడంతో, ప్రెస్కాట్ నగరానికి చెందిన ‘గ్రానైట్ మౌంటెన్ హాట్‌షాట్స్’ అనే దళంలో 19 మంది మంటల మధ్య చిక్కుకుని మరణించారు. దేశమంతా కన్నీరు కార్చింది, విరాళాలు వెల్లువగా వచ్చాయి.

తరువాత ఒక విషయం బయటపడింది. ఆ 19 మందిలో ఆరుగురు మాత్రమే శాశ్వత ఉద్యోగులు. మిగిలిన 13 మంది వేసవి కాలానికి తీసుకున్న తాత్కాలిక సిబ్బంది. విధి నిర్వహణలో మరణించినవారికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్ము, ఒక్కొక్క కుటుంబానికి సుమారు 3 లక్షల 28 వేల డాలర్లు, అందరికీ వర్తిస్తుంది. కానీ నగర ఉద్యోగులకు ఉండే జీవితకాల పెన్షన్, ఆరోగ్య బీమా శాశ్వత ఉద్యోగుల కుటుంబాలకే వర్తిస్తాయని అధికారులు చెప్పారు. ఒకే కొండ మీద, ఒకే మంటలో, పక్కపక్కనే మరణించిన స్నేహితుల భార్యలు రెండు వర్గాలుగా విడిపోయారు. కొన్ని కుటుంబాలు పెన్షన్ బోర్డుకు అప్పీలు చేసి, దుఃఖంలో ఉండగానే తమ భర్తల పని గంటల లెక్కలు చూపించి వాదించవలసి వచ్చింది.

ఆ సమయంలో దాతల సొమ్ము పంచిన సంస్థలకు ఒక పెద్ద అవకాశం దొరికింది. దానం ఇచ్చేవాడు ఉద్యోగ వర్గాన్ని చూడవలసిన పనిలేదు, అవసరాన్ని చూస్తే చాలు. చట్టం వదిలేసిన చోట దానం సమానంగా పంచగలదు.

ఇది మనకు కొత్త పాఠం కాదు. ఆదిమ సంఘంలో కూడా అనుదినం పంచేటప్పుడు గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు ఆ ఫిర్యాదును కసరి పంపివేయలేదు. మంచి పేరున్న ఏడుగురిని ఏర్పరచి, పంపకాన్ని వారికి అప్పగించారు. అపొస్తలుల కార్యముల గ్రంథం 6వ అధ్యాయంలో ఈ సంగతి ఉంది. ప్రేమతో పాటు లెక్క, క్రమం కూడా ఉండాలని సంఘం మొదటి రోజుల్లోనే నేర్చుకుంది.

ఆలస్యంగా వచ్చే మరణం

2001 సెప్టెంబరు 11న న్యూయార్క్‌లో జంట భవనాలు కూలినప్పుడు 343 మంది అగ్నిమాపక సిబ్బంది మరణించారు. ఆ తరువాత నెలల తరబడి శిథిలాల్లో పనిచేసినవారు ఆ ధూళిని పీల్చారు. కొన్నేళ్లకు కాన్సర్, ఊపిరితిత్తుల జబ్బులు మొదలయ్యాయి. 2023 సెప్టెంబరు నాటికి ఆ జబ్బులతో మరణించిన న్యూయార్క్ సిబ్బంది సంఖ్య కూడా 343కు చేరింది. అంటే ఆ రోజు ఎంతమంది మరణించారో, తరువాతి 22 ఏళ్లలో అంతమంది నెమ్మదిగా మరణించారు. అందుకే అమెరికా 2019లో చట్టం చేసి, ఆ ప్రమాద బాధితుల పరిహార నిధికి 2090వ సంవత్సరం వరకు దరఖాస్తులు తీసుకునే ఏర్పాటు చేసింది.

అదే ప్రమాదంలో న్యూయార్క్ అగ్నిమాపక శాఖకు చాప్లిన్‌గా ఉన్న ఫాదర్ మైకల్ జడ్జ్ కూడా మరణించారు. మరణిస్తున్నవారి కోసం ప్రార్థించడానికి ఆయన లోపలికి వెళ్లారు. అప్పటి చట్టంలో చాప్లిన్లకు స్పష్టమైన చోటు లేదు. 2002లో ఆయన పేరు మీదనే కొత్త చట్టం వచ్చి, పోలీసు, అగ్నిమాపక శాఖల చాప్లిన్లను కూడా సహాయం పొందేవారి జాబితాలో చేర్చింది. గుండెపోటు విషయంలో కూడా ఇటువంటిదే జరిగింది. శ్రమతో కూడిన విధి నిర్వహణ తరువాత 24 గంటల లోపల గుండెపోటు వచ్చి మరణిస్తే దానిని విధి నిర్వహణలో మరణంగానే భావించాలని 2003లో మరొక చట్టం చేశారు.

ఆ ప్రమాదం తరువాత పుట్టిన నిధుల్లో ‘టన్నెల్ టు టవర్స్’ ఒకటి. ఆ రోజు మరణించిన స్టీఫెన్ సిల్లర్ అనే ఫైర్‌మన్ జ్ఞాపకార్థం ఆయన కుటుంబమే దానిని ప్రారంభించింది. విధి నిర్వహణలో మరణించినవారికి చిన్న పిల్లలుంటే ఆ కుటుంబం ఇంటి అప్పు తీర్చడం ఈ సంస్థ చేసే ముఖ్యమైన పని. ఇల్లు పోదు అన్న ధైర్యం ఉంటే తల్లి పిల్లలను చదివించుకోగలదు. అలాగే 1992లో ఏర్పడిన జాతీయ సంస్థ ఒకటి పిల్లలకు, జీవిత భాగస్వాములకు చదువు కోసం స్కాలర్‌షిప్పులు ఇవ్వడమే కాక, భర్తను పోగొట్టుకున్న ఒక స్త్రీని అదే దుఃఖం అనుభవించిన మరొక స్త్రీతో కలుపుతుంది. ఇది కూడా డబ్బుతో కొనలేని సహాయమే.

మంచి సహాయ నిధికి ఉండవలసిన లక్షణాలు

పైన చెప్పిన అనుభవాల నుండి కొన్ని సూత్రాలు తెలుస్తాయి.

1. మొదటి సహాయం కొద్దిరోజుల్లోనే అందాలి. అంత్యక్రియలకు, ఇంటి సరుకులకు, ప్రయాణాలకు చేతిలో నగదు కావాలి. దీనికి పొడుగాటి దరఖాస్తులు అడగకూడదు.

2. వచ్చిన సొమ్మంతా ఒక్కసారే ఇవ్వకూడదు. కొంత భాగం చదువు కోసం, తరువాతి ఆపరేషన్ల కోసం విడిగా ఉంచాలి. వార్త పత్రికల్లో ఉన్నన్ని రోజులు విరాళాలు వస్తాయి. ఆ తరువాతే అసలు అవసరం మొదలవుతుంది.

3. మరణించినవారితో పాటు గాయపడినవారిని కూడా గుర్తుంచుకోవాలి. మరణించినవారి ఇంటికి సంవత్సరీకం నాడైనా నలుగురు వస్తారు. గాయపడినవారి ఇంటికి మొదటి వారం పరామర్శకు వస్తారు, ఆరవ నెలలో అప్పులవాళ్లు మాత్రమే వస్తారు.

4. శాశ్వత ఉద్యోగి, తాత్కాలిక ఉద్యోగి, డ్రైవరు, హోంగార్డు అనే తేడా చూడకూడదు. మతం, కులం అసలు చూడకూడదు. మంట వాటిని చూసి కాల్చలేదు.

5. ఏ ఖర్చు చేసినా రసీదు ఉండాలి. నిధి మీద కనీసం ఇద్దరి సంతకాలు ఉండాలి. సంవత్సరానికి ఒకసారి లెక్కలు ఆడిట్ చేయించి, ఇచ్చినవారికి చూపించాలి. అయితే సహాయం పొందిన కుటుంబం ఫోటోను, కష్టాలను ప్రచారానికి వాడకూడదు. దానం తీసుకున్నంత మాత్రాన వారి గౌరవం మనకు అమ్ముడుపోలేదు.

6. కుటుంబాన్ని అడిగి ఇవ్వాలి. మనకు తోచింది బియ్యం కావచ్చు, వారికి కావలసింది కుట్టుమిషను కావచ్చు.

ఆసుపత్రి చేయగల సహాయం

వైద్యంతో పాటు ఆసుపత్రి ఇవ్వగల మరొక విలువైన దానం ఉంది. అది సరైన కాగితం. చాలా కుటుంబాలు న్యాయంగా రావలసిన సొమ్మును కాగితాల్లోని లోపం వల్ల పోగొట్టుకుంటాయి.

అత్యవసర విభాగానికి తీసుకువచ్చినప్పుడే గాయం ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పని చేస్తుండగా తగిలిందో కేసు షీటులో రాయాలి. “మంటల వల్ల గాయాలు” అని రాసి వదిలేయకుండా, విధి నిర్వహణలో ఉండగా తగిలినట్టు తీసుకువచ్చినవారు చెప్పిన వివరాన్ని నమోదు చేయాలి. మెడికో లీగల్ రిజిస్టరులో ఎక్కించి పోలీసులకు తెలియజేయాలి. వూండ్ సర్టిఫికెట్ ఆలస్యం లేకుండా ఇవ్వాలి.

రోగి మరణిస్తే మరణ కారణం రాయడంలో చాలా జాగ్రత్త అవసరం. ‘గుండె, శ్వాస ఆగిపోవడం’ అనే మాట లోకంలో ప్రతి మరణానికీ వర్తిస్తుంది. అది ఒక్కటే రాస్తే, గాయానికీ మరణానికీ సంబంధం లేదని వాదించడానికి ఎవరికైనా వీలవుతుంది. మంటల్లో కాలిన గాయాలు, వాటి ద్వారా ఇన్ఫెక్షను, దానివల్ల రక్తం విషపూరితం కావడం, దానితో మరణం – ఈ వరుసను మరణ కారణ పత్రంలో స్పష్టంగా రాయాలి. గాయం తగిలిన నలభై రోజుల తరువాత మరణించినా ఈ గొలుసు తెగకూడదు. ఒక్క వాక్యం ఒక విధవరాలికి పెన్షన్ తెప్పించగలదు, ఒక్క వాక్యం లేకపోతే అది ఆగిపోనూగలదు.

గాయపడి బ్రతికినవారికి డిశ్చార్జి సమయంలోనే తరువాత ఎన్నిసార్లు రావాలో, ఏ ఆపరేషను మిగిలి ఉందో, సుమారు ఎంత ఖర్చవుతుందో రాసి ఇస్తే సహాయం చేసేవారికి కూడా లెక్క తెలుస్తుంది. అంగవైకల్యం మిగిలితే ప్రభుత్వ మెడికల్ బోర్డు ద్వారా ధ్రువపత్రం తీసుకోమని చెప్పాలి. సదరం సర్టిఫికెట్ అంటే ఏమిటో ఇంటివారికి ఓపికగా వివరించాలి.

రక్తదానం, చర్మదానం కూడా దాతృత్వంలో భాగమే. మరణించినవారి తొడలు, వీపు నుండి పలుచని చర్మపు పొర తీసి, తీవ్రంగా కాలినవారి గాయాలకు తాత్కాలిక కవచంగా వాడతారు. మరణించిన కొద్ది గంటల్లోనే దీనిని తీసుకోవాలి. హైదరాబాదులోని ఉస్మానియా ఆసుపత్రిలో చర్మ బ్యాంకు ఉంది. నేత్రదానం గురించి సంఘాల్లో చెప్పినట్టే దీని గురించి కూడా చెప్పాలి.

సంఘం చేయగల సహాయం

పెద్ద సంస్థలు చేసే పని మనవల్ల కాదని నిరుత్సాహపడనక్కరలేదు. ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక సంఘంలో 100 కుటుంబాలు నెలకు 50 రూపాయల చొప్పున ఇస్తే నెలకు 5,000 రూపాయలు, సంవత్సరానికి 60,000 రూపాయలు అవుతాయి. అదే 60,000 ఒక్కరోజే ఇస్తే అప్పులకు, కర్మకాండలకు ఖర్చయిపోవచ్చు. నెలకు 5,000 చొప్పున ఇస్తే ఒక బిడ్డ హాస్టలు ఖర్చు, తండ్రి ఫిజియోథెరపీకి వెళ్లివచ్చే చార్జీలు గడిచిపోతాయి.

డబ్బు కంటే ఎక్కువగా కావలసింది తోడు. భర్త పోయిన స్త్రీ చేతిలో ఒక్కసారిగా పెద్ద మొత్తం పడితే, ఎన్నడూ రాని చుట్టాలు వస్తారు. అప్పు అడిగేవారు, స్థలం కొనమనేవారు, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టమనేవారు తయారవుతారు. అత్తవారికి, పుట్టింటివారికి మధ్య తగాదా కూడా రావచ్చు. అప్పుడు సంఘంలోని నమ్మకస్థులైన ఒక పెద్ద, స్త్రీల సమాజం నుండి ఒక సహోదరి ఆమెతో కలిసి బ్యాంకుకు, తహసీల్దారు కార్యాలయానికి వెళితే ఎంతో మేలు. మొదటి ఆరునెలలు పెద్ద నిర్ణయాలు చేయవద్దని, సొమ్మును ఆమె పేరు మీదనే బ్యాంకు డిపాజిట్టులోనో, పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలోనో ఉంచమని సలహా ఇవ్వవచ్చు. మరణ ధ్రువపత్రం, పోస్టుమార్టం రిపోర్టు, ఎఫ్.ఐ.ఆర్. నకలు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నామినేషను కాగితాలు అన్నీ ఒకే ఫైలులో పెట్టి, ఒక్కొక్కదానికి అయిదేసి జిరాక్సు కాపీలు తీయించడం కూడా పరిచర్యే.

యౌవనస్థులు ఆ పిల్లలకు సాయంత్రం చదువు చెప్పవచ్చు. గాయపడిన సహోదరుని బండి మీద ఆసుపత్రికి తీసుకువెళ్లవచ్చు. ముఖం మీద మచ్చలున్నవారు నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతారు. సంఘంలో వారిని తేరిపార చూడకుండా, జాలి మాటలు చెప్పకుండా, మామూలుగా పక్కన చోటిచ్చి కూర్చోబెడితే చాలు.

ఇంకొక మాట. మీ ఊరి ఫైర్ స్టేషనుకు ఒకసారి వెళ్లండి. అక్కడ పనిచేసేవారిలో ఎవరైనా గాయపడి ఇంట్లో ఉన్నారా, ఎవరి కుటుంబమైనా కష్టంలో ఉందా అని స్టేషన్ అధికారిని అడగండి. ప్రమాదం జరిగినప్పుడు మనం 101కి ఫోన్ చేస్తాం, వాళ్లు మన పేరు, మతం అడగకుండా వస్తారు. మనం కూడా అలాగే వెళ్లాలి.

మంచి సమరయుని ఉపమానం మనందరికీ తెలుసు. అతడు గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు. ఆ రెండూ మనం తరచుగా చెప్పుకుంటాం. కానీ మరునాడు అతడు పూటకూళ్లవానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు చెల్లిస్తానని మాట ఇచ్చి వెళ్లాడు. గాయం మానడానికి కాలం పడుతుందని, ఈ రోజు ఇచ్చింది చాలకపోవచ్చని అతనికి తెలుసు. అగ్నిమాపక సిబ్బంది కుటుంబాలకు మనం ఇవ్వవలసింది కూడా అటువంటి మాటే. దేవుడు ఆ కుటుంబాలను ఆదరించును గాక. ఆ ఆదరణలో మన చేతులను వాడుకొనును గాక.